మా ఆవిడ ఎక్కించిన లినక్స్

వైరస్‌లతో విసిగిపోయి, ఇంటి కంప్యూటర్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేద్దామనుకున్నాను. లినక్స్ రకాల్లో కొత్తవాళ్లకు ఉబుంటు తేలికా, మింట్ తేలికా అని వారమంతా తేల్చుకోలేకపోయాను. ఈ సాయంత్రం ఉబుంటు సీడీ పెట్టి, కంప్యూటర్లో ఎక్కించకుండా ఊరికే నడిపి చూస్తూ, మధ్యలో పాల కోసం బయటికెళ్లాను. కోదాడ బస్టాండు దగ్గర పాత స్నేహితుడు కలవడంతో గంట ఆలస్యమైంది.

వచ్చేసరికి పాత డిస్కంతా తుడిచిపెట్టుకుపోయి, ఉబుంటు ఎక్కేసి ఉంది! కంప్యూటర్ ముందు మా ఆవిడ కూర్చుని ఉంది.

"ఏం చేసినవ్?" అని అడిగాను.

"అంత తుడిచి ఎక్కియ్యాల్నా అని కంప్యూటరే తెల్గుల అడిగింది, సరే అన్న. నువ్వు తేల్చకపోతివి గద!"

"పిల్లల ఫొటోలు?"

"నిన్ననే పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చిన. నీ ప్రశ్నపత్రాలు నువ్వు దాసుకోలేదా?"

దాచుకోలేదు. ట్యూషన్ పిల్లల కోసం ఏళ్లుగా తయారుచేసుకున్నవన్నీ పోయాయి. నేనింకా తేరుకోలేదు, ఆవిడ మాత్రం కొత్త ఉబుంటులో హాయిగా పేకాడుతోంది. మీ ఇళ్లల్లో ఇలాంటివి ఎవరు తేలుస్తారండీ?