బాపు బీడీ మానిన ఏడాది

మా చిన్నతనంలో, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలోంచి దారం నోటితో పీల్చి తీసేవారు... లోపల దారం చుట్టిన కండె అయిపోగానే మగ్గం ఆపి, కొత్త కండె పెట్టి, నాడె పక్కనున్న చిన్న కన్నానికి పెదవులు ఆనించి గాలి లోపలికి లాగితే, దారం కొస నాలుక మీదికి వచ్చేది.

దాజీ పేట్‌లో మా బాపు పనిచేసే పవర్‌లూమ్ షెడ్‌లో అందరికీ అది రెప్పపాటు పని. బాపుకు కాదు. లాగబోతే దగ్గు తెర వచ్చేది... కళ్లలో నీళ్లు తిరిగేవి. చివరికి పక్క మగ్గం మల్లేశం మామ చెయ్యి చాపి నాడె తీసుకునేవాడు.

"ఏంది బావా... మగ్గం నీది, ఊపిరి నాదా?"

కాన్వెంటు యూనిఫామ్‌లోనే అన్నం డబ్బా తీసుకెళ్లిన నేను, తల దించుకుని నిలబడేదాన్ని.

మా ఇంట్లో బీడీలకు కొదవ లేదు. అమ్మ చుట్టేదే బీడీలు. బీడీల కార్ఖానాలో బాగా లేవని తీసేసినవన్నీ బాపువే...

ఒకరోజు షెడ్ యజమాని సేఠ్ పిలిచి, ఇలాగైతే మగ్గం వదిలి తక్కువ కూలికి కండెలు చుట్టుకొమ్మన్నాడు. ఆ రోజు బాపు అన్నం ముట్టలేదు. మర్నాడు అమ్మే దవాఖానకు తీసుకెళ్లింది. ఇంకా చెయ్యి దాటలేదని, బీడీ మానేస్తే దగ్గు తగ్గి ఊపిరి బాగా ఆడుతుందని డాక్టరమ్మ చెప్పింది. తాగాలనే కోరిక కొన్ని నిమిషాలే ఉంటుందట... ఆ కాసేపు ఎలాగో గడిపెయ్యమంది.

ఇంటికొచ్చాక అమ్మ ఒకటే మాట అంది.

"నేను చుట్టుడు బంద్ జేస్తే ఇల్లు నడవది. నువ్వు తాగుడు బంద్ జెయ్యి."

తునికాకు, జర్దా పొగాకు ఉన్న అమ్మ చాట పక్కింటి అరుగు మీదికి మారింది. తీసేసిన బీడీలు ఇంటికి రావడం ఆగింది. తాగాలనిపించినప్పుడల్లా బాపు కడక్ భాకరీ ముక్క నోట్లో వేసుకునేవాడు... ఎండి అప్పడంలా గట్టిపడ్డ జొన్నరొట్టె. అది నమిలి మింగేసరికి కోరిక చల్లబడేది.

మొదట్లో దువ్వెన కనబడకపోయినా బాపు ఇంట్లో గొడవ చేసేవాడు. ఒక పెళ్లిలో ఓడిపోయి బీడీ తాగాడు కూడా. అమ్మ తిట్టలేదు. మర్నాడు మళ్లీ భాకరీ కట్టి ఇచ్చింది.

కొన్నాళ్లకు అన్నం తింటూ, పప్పులో ఉప్పెక్కువైందన్నాడు.

"ఇన్నేండ్ల సంది గింతే ఏస్తున్న. నీకు గిప్పుడు నాలుక మొలిచింది," అంది అమ్మ, నవ్వు ఆపుకోలేక.

పొద్దున్నే మమ్మల్ని లేపే ఆ దగ్గు కూడా పోయింది... దానికి అలవాటుపడ్డ మేము లేవలేక బడికి ఆలస్యమయ్యాం.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను డబ్బాతో వెళ్లేసరికి, బాపు కండె మారుస్తున్నాడు. మల్లేశం మామ అలవాటుగా చెయ్యి చాపాడు. బాపు ఇవ్వలేదు. నాడె నోటికి ఆనించి లాగాడు. ఒక్కసారే... దారం వచ్చింది. దగ్గు రాలేదు.

మామ తన మగ్గం ఆపి, తన నాడె తెచ్చి బాపు చేతిలో పెట్టాడు.

"ఇన్ని దినాలు నీది నేను గుంజిన. ఇగ నాది గూడ నువ్వే గుంజు, బావా."

బాపు అదీ లాగేశాడు. షెడ్డంతా చూసింది. కండెలు చుట్టుకొమ్మనే మాట సేఠ్ మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు అక్కడ నాడెలే లేని కొత్త మగ్గాలు వచ్చాయి. గంజి, నూనె కలిసిన ఆ దారం రుచి తెలిసిన నోళ్లు తగ్గిపోతున్నాయి...

మీ ఇంట్లో కూడా ఎవరైనా మానారా? ఆ మొదటి రోజులు ఎలా దాటారో రాయండి. ఈ సాయంత్రం 'ఇదే ఆఖరిది' అనుకుంటూ అగ్గిపెట్టె తీసినవాళ్లు ఎవరో ఒకరు చదువుతారు...