నేనే పెట్టుకున్న పసుపు బోర్డు

2011లో, రెండో కాన్పయిన ఆరు నెలలకే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పనికి మళ్లీ ఎక్కిన. అప్పటికే దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడేవి. సిగ్గుతో ఇంట్ల కూడా చెప్పలే. డ్యూటీ ఉన్న రోజు పొద్దటి నుంచి నీళ్లు తాగుడే బంద్ చేసిన.

ఒకరోజు నిండు బకెట్ ఎత్తుతుంటే తుమ్ము వచ్చింది. ప్యాంటు తడిసి నేల మీదికి కారింది. చుట్టూ ప్రయాణికులు! పానం పోయినట్టయింది. "నేల తడిగా ఉంది, జాగ్రత్త" అనే పసుపు బోర్డు గుంజుకొచ్చి నా ముందు నేనే పెట్టుకొని, తల ఎత్తకుండా తుడుస్తున్న.

మా సూపర్‌వైజర్ షాహీన్ అక్క చూసింది. తిడతదనుకున్న. తన చున్నీ తీసి నా నడుముకు చుట్టింది. "నాకూ గిట్లనే అయిండె. జర పరేషాన్ కాకు" అని, మర్నాడు ఆరాంఘర్ కాడ ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి తోలుకపోయింది.

ఫిజియోథెరపీ అంటే మోకాళ్ల నొప్పులకే అనుకొని, "నా మోకాళ్లు మంచిగనే ఉన్నయి కదక్కా?" అన్న.

డాక్టరమ్మ నవ్వింది. "ఈ కసరత్తు వైద్యం పక్షవాతం వచ్చినవాళ్లకు ఒక తీరు, నడక రాని పిల్లలకు ఒక తీరు, కాన్పయిన తల్లులకు ఇంకో తీరు ఉంటదమ్మా. నీకు లోపలి కండరాలు వదులైనయి, అంతే. ముందు నీళ్లు తాగు."

ఆమె నేర్పిన కసరత్తు మూడు నెలలు చేసిన. తగ్గింది. వాళ్లిద్దరి రుణం తీరేది కాదు.

ఇప్పుడు పసిపిల్లల తల్లులెవరైనా పనిలో చేరితే, వాళ్ల నీళ్ల సీసా దిక్కే చూస్త. మధ్యాహ్నమైనా నిండుగనే ఉంటే, పక్కకు పిలిచి నా పసుపు బోర్డు కథ చెప్త.

– ఒక సోదరి, పాల్మాకుల