పెద్దమ్మ పెట్టిన ‘ఒక్కో’

మా ఆఫీసులో ఆవిడని అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు, మేనేజరుతో సహా. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ ఫైళ్ళన్నీ కలిపి కూర్చుకోడానికి పనికొచ్చే బిల్డ్ టూలు మాది. దాన్నెలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ ఆవిడ చేతుల మీదుగానే బయటికి వెళ్ళేది. ఒకప్పుడు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. ప్రతి ఉదాహరణనీ తన మెషీన్లో నడిపి చూస్తేగాని సరేననేది కాదు.

ఆ ఉదాహరణలు రాసే పనిలో చేరిన కొత్తలో ఆవిడ చాదస్తానికి నాకు ఒళ్ళు మండేది. లూప్ అంటే బోలెడు ఫైళ్ళ మీద ఒకే పని వరసగా చేయించడం. అందులో ఆ క్షణాన చేతిలో ఉన్నదానికి ఓ పేరు పెట్టుకోవాలి. నేను ‘ఫైలు’ అని పెడితే, ఆవిడ ‘ఒక్కోఫైలు’ అని దిద్దేది.

“లూప్ అయిపోయినా మన టూల్లో ఆ పేరు పోదమ్మా. బయట ఇంకోదానికి అదే పేరు ఉంటే దాన్ని మింగేస్తుంది,” అంది ఓసారి.

“అంత బుర్రతక్కువగా ఎవరు రాస్తారండీ?” అన్నాను.

నేనే రాశాను. నా ఉద్యోగం పర్మనెంటు చేసే మీటింగుకి సరిగ్గా ముందురోజు. తాత్కాలిక ఫోల్డరుకి ‘ఫోల్డరు’ అని పేరుపెట్టి, మెషీన్లోని ఫోల్డర్ల మీద తిరిగే లూప్‌లోనూ అదే పేరు వాడి, చివర్లో ‘ఫోల్డరు’ని తుడిచెయ్యమన్నాను. పెద్దమ్మ అలవాటు ప్రకారం దాన్ని తన మెషీన్లో నడిపింది. తాత్కాలిక ఫోల్డరు పోలేదు, లూప్ చివర తగిలిన ఆవిడ సొంత ఫోల్డరు పోయింది. పేర్లెలా పెట్టాలో ఆరేళ్ళుగా రాసుకున్న నియమాలన్నీ అందులోనే ఉన్నాయి. వేరే కాపీ లేదు.

మర్నాడు మీటింగులో, “ఆ ఉదాహరణ ఎవరిది?” అన్నాడు మేనేజరు.

“నాదేనండీ,” అన్నాను, ఉద్యోగానికి నీళ్ళొదిలేసుకుని.

పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ, “బయటికి వెళ్ళలేదుగా బాబూ. ఇలాంటివి పట్టుకోడానికేగా నేనున్నది. ఈ పిల్ల ఇంక చచ్చినా ఆ తప్పు చెయ్యదు. దీన్ని పంపించేసి ఇంకొకళ్ళని తెస్తే మళ్ళీ మొదట్నించీ నేర్పాలి. నాకంత ఓపిక లేదు,” అంది.

మేనేజరు నవ్వాపుకుంటూ సంతకం పెట్టాడు. ఇవాళ నా నాలుగు వేళ్ళూ నోట్లోకి వెళ్తున్నాయంటే ఆవిడ చలవే.

మీటింగయ్యాక క్షమించమని అడుగుదామని ఆవిడ సీటు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అప్పటికే ఖాళీ ఫైలొకటి తెరిచి పెట్టుకుంది.

“కూర్చో. నా సోది విని విని నీ చెవులు చిల్లులు పడ్డాయి కదా, నాకంటే నీకే బాగా గుర్తుంటుంది. నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను.”

‘ఒక్కో’తోనే మొదలుపెట్టాను. సాయంత్రానికి నలభై ఒక్క నియమాలయ్యాయి. అన్నీ నేను వెక్కిరించినవే. ఒక్కటీ మర్చిపోలేదు.