ఏసీ కొట్టులో సగం కథ

ఆ రోజుల్లో ఏలూరులో పుస్తకాలకి కూడా ఏసీ పెట్టేవారు. చేపలకి ఐసు వేసినట్టు కాబోలు అనుకునేదాన్ని. ఊరూరా బ్రాంచీలున్న కంపెనీ వాళ్ల పుస్తకాల షాపు అది. నాకేమో నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలొచ్చాయి. వయసు ముదిరినా చదువులో మాత్రం ఒకటో తరగతి పిల్లనే. కొల్లేటి చేపలు అమ్మేసి, చేతులు సబ్బుతో తోముకుని (ఎంత తోమినా ఆ వాసన నాకంటే ముందే లోపలికెళ్లేది) అక్కడికి పోయేదాన్ని.

"బుట్ట బయట పెట్టమ్మా," అనేవారు మీసాల వాచ్‌మెన్ గారు.

"ఖాళీదేనండి బాబాయ్ గారూ."

"కొర్రమీను దిగిపోయినా దాని ఊపిరి బుట్టలోనే ఉందమ్మా!"

పెళ్లిపీటల మీంచి లేచి పడవెక్కి పారిపోయిన ఒక పిల్ల కథ దొరికింది నాకక్కడ. వేలు పెట్టి, పైకి చదివితేగానీ నాకు అర్థమయ్యేది కాదు. అందుకని మూల నిలబడి రాగం తీసేదాన్ని. మొదట్లో అందరూ విసుక్కున్నారు. తర్వాత కౌంటర్ అమ్మాయి బిల్లు కొట్టడం ఆపి వినేది. వాచ్‌మెన్ గారు తలుపు వదిలేసి మరీ వచ్చేవారు. కథలో పడవ ఏటి నడిమధ్యలో ఉండగా, షాపు మూసేస్తున్నాం, ధరలు తగ్గించాం అని బోర్డు పెట్టారు. (ఉన్న జనమంతా చల్లగాలికి వచ్చేవాళ్లే. వాళ్లలో మొదటిదాన్ని నేనే.)

"ఇప్పుడైనా కొనేయండి పిన్నిగారూ," అంది కౌంటర్ అమ్మాయి.

"తొందరేంటమ్మా? పొద్దువాలితే ఇంకా దిగుతుంది."

"అది చేప కాదండీ, కుళ్లిపోదు!"

నేను వింటేగా! వారం వారం ధర దిగుతూనే ఉంది, నేను ఆగుతూనే ఉన్నాను. ఆఖరి రోజు కొంగున డబ్బు ముడేసుకుని వెళ్తే ఆ పుస్తకం ఉండే అర ఖాళీగా ఉంది. పుస్తకం ఎవరో పట్టుకుపోయారట! ఆ పిల్ల ఒడ్డు చేరిందో మునిగిందో తెలీక, అక్కడే నేలమీద చతికిలబడ్డాను. అప్పుడు వాచ్‌మెన్ గారు మీసాలు సవరించుకుంటూ, యూనిఫారం చొక్కాలోంచి ఆ పుస్తకం తీశారు.

"నేనే కొన్నానమ్మా."

"మీకు చదువొచ్చా బాబాయ్ గారూ?"

"రాదు. నీకొచ్చుగా, ఇక కానివ్వు!"

షట్టరు దించేశాక మెట్లమీద నా బుట్ట బోర్లించి ఆయన్ని కూర్చోబెట్టి, కౌంటర్ అమ్మాయి పక్కన నిలబడి వింటుండగా మిగతా కథ చదివాను. పిల్ల ఒడ్డు చేరింది. "హమ్మయ్య," అని ఆయన లేచేసరికి ప్యాంటుకి కొర్రమీను పొలుసులు అంటుకున్నాయి.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపుంది. ఏసీ ఉంది గానీ ఊరికే నిలబడనివ్వరు. నేనూ మనసులో చదువుకోవడం నేర్చాను. కానీ కథలో పడవ కనిపిస్తే చాలు, నాకు తెలీకుండానే గొంతు పైకి లేస్తుంది, తలుపు దగ్గర ఎవరో వింటున్నట్టు.