స్టాంపు పడేదాకా

సరోజన ఇంట్లో ఒక నియమం ఉంది. వీసా స్టాంపు పడేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. కెనడాలో, ఒషావా ఊళ్లోని ఆ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగే ప్రతి పిల్లకూ, చెత్తబుట్టలు ఏ రోజు బయట పెట్టాలో చెప్పినట్టే ఇదీ చెబుతుంది. వర్క్ పర్మిట్‌కు అప్లై చేసినా, అమ్మానాన్నలకు విజిటర్ వీసా వేసినా, నీకూ దేవుడికీ తెలిస్తే చాలంటుంది.

ఇది ఆమెకు ఊరికే పట్టుకోలేదు. పెళ్లయిన కొత్తలో భర్త జనార్ధనరావుకు దుబాయిలో ఉద్యోగం ఖాయమైందని అత్తగారు జగిత్యాలలో వాడంతా మిఠాయి పంచారు. ఆ వీసా రాలేదు. చాలాకాలం పాటు, కూరగాయలకు వెళ్లినా "ఇంక పోలేదా మీ ఆయన?" అని ఎవరో ఒకరు అడిగేవారు. అందుకే కెనడా కాగితాలు వచ్చినప్పుడు సరోజన గడప దాటి మాట పోనివ్వలేదు. సొంత అక్క ఎల్లమ్మకు కూడా ఎయిర్‌పోర్టు నుంచే ఫోన్ చేసింది.

"నా కండ్లు గంత పాడుకండ్లా చెల్లే?" అని ఎల్లమ్మ ఫోన్ పెట్టేసింది. తరువాత మాటలు కలిశాయి, పండగలకు ఫోన్లు నడిచాయి. ఆ ప్రశ్న మాత్రం ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

కాలేజీలు విదేశీ విద్యార్థులతో నిండిపోయిన రోజులవి. సీటు కన్నా గది దొరకడం కష్టం. తన ఇంట్లో గది ఖాళీ అయితే సరోజన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో తప్ప ఎక్కడా చెప్పేది కాదు. ఒక జనవరి మధ్యాహ్నం, అప్పటికే ఆ ఇంట్లో ఉంటున్న తెనాలి అమ్మాయి వర్షిణి తన క్లాస్‌మేట్‌ను వెంటబెట్టుకొచ్చింది. ఘనా అమ్మాయి, పేరు అకోసువా. మంచులో తడిసిన సూట్‌కేసుతో గుమ్మం అవతలే నిలబడింది.

"ఒక్క వారం ఉండనివ్వండి ఆంటీ, వేరే రూమ్ దొరికేదాకా" అంది వర్షిణి.

సరోజన పేరుకు అర్థం అడిగింది. తమవైపు ఆదివారం పుట్టిన ఆడపిల్లకు ఆ పేరు పెడతారని అకోసువా చెప్పింది.

"మా ఊర్ల సోమవారం పుడితే సోమక్క. ఏం ఫరక్ లేదు. లోపటికి రా బిడ్డా."

వారం గడిచింది. వేరే రూమ్ మాట ఎవరూ ఎత్తలేదు. సరోజన ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో ముగించేది. అకోసువాకు అర్థమవుతూనే ఉండేది. ఆమె వండిన వేరుశనగ పులుసును జనార్ధనరావు రెండోసారి వడ్డించుకుని, "ఇది మన పల్లీల పులుసే, కోడి తోడైంది" అన్నాడు.

ఏప్రిల్‌లో ఒక రోజు అకోసువా ఫైలు పట్టుకుని వంటగదిలోకి వచ్చింది. ఆమె అక్క అబెనా నార్వేలో నర్సు. తల్లి పోయాక అకోసువాను పెంచింది ఆమే. కొన్నేళ్లుగా ఇద్దరూ ఒకరినొకరు ఫోన్‌లోనే చూసుకుంటున్నారు. జూన్‌లో అబెనాకు తొలికాన్పు. పక్కన అయినవాళ్లెవరూ లేరు.

ఘనా పాస్‌పోర్టుతో నార్వే వెళ్లాలంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా, షెంగెన్ వీసా కావాలి. దానికి అక్క పంపిన ఆహ్వానం, కాలేజీ ఉత్తరం, ఇన్సూరెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్, కెనడాలో చదువుకుంటున్నట్టు పర్మిట్, మళ్లీ కెనడాకు రావడానికి అనుమతి అన్నీ చూపించాలి. అన్నిటికీ మించి, ఈ మనిషి తిరిగి వస్తుందని వాళ్లకు నమ్మకం కలగాలి. అందుకని గది తనకోసం ఉంచుతున్నట్టు ఇంటావిడ ఉత్తరం కూడా జత చేస్తే మంచిదని అకోసువా అనుకుంది.

"మేం పోవాల్నన్నా గిదంతా ఉంటదా?" అని సరోజన అడిగింది.

"మీది కెనడా పాస్‌పోర్టండీ ఆంటీ. టికెట్ కొనుక్కుని ఎక్కేయడమే. నేనైతే అకోసువా వెనకే లైన్లో నిలబడాలి" అని వర్షిణి నవ్వింది.

సరోజన ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. ఉత్తరం మీద సంతకం చేసి, కింద తన ఫోన్ నంబరు రాసింది. "ఇగ ఈ ముచ్చట ఎవ్వరితోని అనకు" అంది. మా అమ్మమ్మ కూడా ఇంతే ఆంటీ అని అకోసువా నవ్వుతూ ఒప్పుకుంది.

కొన్నాళ్లకు సరోజన పప్పుకు పోపు పెడుతుండగా ఫోన్ మోగింది. ఒక ఆడగొంతు తన పేరేదో చెప్పుకుని, అకోసువా మీ ఇంట్లోనే ఉంటుందా, జూన్‌లో నార్వే ప్రయాణం ఉందా అని ఇంగ్లీషులో అడిగింది. సరోజన మనసుకు ఒక్కటే తట్టింది. మాట బయటికి పొక్కింది. ఆమె ఎరిగిన ఎంబసీ మనిషి గాజు అద్దం వెనక కూర్చుంటాడు. ఇంటికి ఫోన్ చేసి మర్యాదగా అడగడు.

"ప్రయాణం లేదు, ఏం లేదు. ఆ అమ్మాయి ఎక్కడికీ వెళ్లడం లేదు" అని గట్టిగా చెప్పింది. అవతలి మనిషి థాంక్యూ అని పెట్టేసింది.

సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నాక సరోజన గర్వంగా చెప్పింది. "నీ గురించి ఎవరో ఆరా తీసిన్రు బిడ్డా. నేను అస్సలు బయటపడలె. ఎక్కడికి పోతలేదని చెప్పిన."

అకోసువా చెంచా పళ్లెంలో పెట్టేసింది. వర్షిణి సరోజన ఫోన్ తీసి నంబరు చూసింది.

"ఒట్టావా నంబరు. ఆంటీ, వాళ్లు నార్వే ఎంబసీ వాళ్లండీ!"

"మస్తు కాపాడినవ్ పో" అన్నాడు జనార్ధనరావు.

అకోసువా కోప్పడలేదు. పళ్లేలు కడిగి పెట్టి, "మీరు నా మంచికే అన్నారు ఆంటీ" అని కిందికి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండునని సరోజనకు అనిపించింది.

మర్నాడు పొద్దున ఆమె ఆడపిల్లలిద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని ఆ నంబరుకు ఫోన్ చేసింది. మొదట మిషన్ మాట్లాడింది. మళ్లీ చేసింది. చివరికి నిన్నటి గొంతే పలికింది.

"నేను నిన్న అబద్ధం చెప్పాను" అని తనకు వచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టింది. "మా దగ్గర వీసా రాకముందు ఎవరికీ చెప్పరు. చెబితే రాదని భయం. మీరే వీసా ఇచ్చేవాళ్లని నాకు తెలియదు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు."

అవతలి నుంచి చిన్న చప్పుడు వినిపించింది. నవ్వో, దగ్గో. తరువాత ఆవిడ, తిరిగి వస్తుందని మీకెలా తెలుసు అని అడిగింది.

సరోజన కిటికీ వైపు చూసింది. "సెప్టెంబర్లో ఆఖరి సెమిస్టర్ ఉంది. ఇక్కడ కుండీల్లో నారు పోసింది. వాళ్ల దేశపు తెల్ల వంకాయ. ఆగస్టులో కాస్తుంది. దాన్ని ఎట్లా వండాలో ఈ ఇంట్లో ఆమెకే తెలుసు."

చెప్పినదంతా రాసి పంపమంది ఆవిడ. సరోజన చెబుతుంటే వర్షిణి టైప్ చేసింది. "వంకాయలెందుకండీ ఎంబసీకి?" అంటే, "నిజమే కదా, ఉండనీ" అంది సరోజన.

ఆ ఆదివారం దగ్గర్లోని ఏజాక్స్ ఊరి గుడిలో ఎవరో విశేషాలేమిటని పలకరించారు. సరోజన నోరు అలవాటుగా మూతపడబోయి ఆగింది. "మా ఆదివారం పిల్లకు నార్వే వీసా వేసినం. అక్క కాన్పుకు పోవాలె. వస్తదో రాదో తెల్వది" అంది. ఎవరి కళ్లలోనూ ఆమెకు చెడు కనబడలేదు. ఒకావిడ అకోసువా పేరు అడిగి, పూజారిచేత అర్చన చేయించింది. గోత్రం దగ్గర మాత్రం పూజారి కాసేపు ఆగవలసి వచ్చింది.

మే నెల చివర కొరియర్ కవరు వచ్చింది. అకోసువా పాస్‌పోర్టు తెరిచి స్టిక్కరు చూసుకుని, దాన్ని అలాగే సరోజన చేతుల్లో పెట్టింది.

"ఇప్పుడు చెప్పొచ్చా ఆంటీ?"

"గుళ్లె అందరికీ ఎప్పుడో చెప్పిన" అంది సరోజన, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

జూన్‌లో నార్వే నుంచి ఫొటో వచ్చింది. అబెనా ఒళ్లో పాప, పక్కన మొహమంతా నవ్వుతో అకోసువా. 'బుధవారం పుట్టింది, అందుకే అకువా. అక్క మీకు దండం పెట్టమంది' అని కింద రాసింది. సరోజనకు ఆ ఒట్టావా గొంతు గుర్తొచ్చింది. పేరు తెలియదు. దేవుడి దగ్గర దీపం పెట్టి, పేరు లేకుండానే ఆ మనిషిని తలుచుకుంది.

తరువాత పెరట్లోకి మార్చిన వంకాయ మొక్కలకు నీళ్లు పోస్తూ ఎల్లమ్మకు ఫోన్ కలిపింది.

"అక్కా, డిసెంబర్ల వద్దామనుకుంటున్న. టికెట్ ఇంక తియ్యలె. లీవు దొరుకుతదో లేదో తెల్వది. ఫస్టు నీకే చెప్తున్న."



"టికెట్ తియ్యకముందే చెప్పినవా?" అంది ఎల్లమ్మ. వెంటనే గొంతు తగ్గించింది. "సరే తియ్యి. నేనెవ్వరికి చెప్ప."