గుర్రం కాలిలో నీళ్లు

నవంబరులో, జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో నీళ్లు గడ్డకట్టిన తొలి ఉదయం, మా పై అంతస్తు బాబాయిగారు పోయారు. గడ్డకట్టే చలంటే ఆయనకు ఎంత భయమో నాకు తెలుసు. అందుకే ఆ రెండూ ఒకే రోజు రావడం నాకు బాగనిపించలేదు.

ఆయన 1960ల్లో గోదావరి జిల్లా నుంచి వచ్చి, కంచు విగ్రహాలు పోతపోసే కార్ఖానాలో పనిచేశారు. దేన్ని చూసినా నడివేలి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి వినేవారు. మా తలుపు, హీటరు, మా అమ్మ పంపిన ఇత్తడి గిన్నె, ఏదీ తప్పించుకోలేదు. "దీనికింకా ఊపిరుందమ్మా" అని గిన్నెను మెచ్చుకున్నారు. అందులో నేను వండిన పప్పు గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు.

కుర్రతనంలో ఆయన్ని ఒక విగ్రహం మరమ్మతుకు స్కాట్లాండ్ పంపారట. ఊరి కూడలిలో, గుర్రమెక్కిన పాతకాలపు రాజు. గుర్రం వెనక గిట్ట దగ్గర, లోపలికి దిగిన వాననీరు పోవడానికి చిన్న రంధ్రం ఉండేది. దాని మరక కింది రాతిమీద పడుతోందని, మేస్త్రి చూడ్డానికి వచ్చేలోగా ఈయన దాన్ని కంచుతో పూడ్చి నున్నగా అరగదీశారు.

"మేస్త్రి భుజం తట్టాడమ్మా. ఆ మెప్పే నా కొంప ముంచింది. నీళ్లు లోపలే ఉండిపోతాయి. గడ్డకట్టినప్పుడల్లా ఉబ్బుతాయి. ఏదో ఒక చలికాలం ఆ కాలు పగుల్తుంది, రాజు కింద పడతాడు. కింద ఎవరుంటారో!"

ఆ ఊరివాళ్లకు ఏటా ఉత్తరం రాసేవారు. ఈసారి తనిఖీలో చూస్తామని మర్యాదగా జవాబు వచ్చేది. చివరికి స్వయంగా వెళ్లి చెబుతానని, నన్ను తోడు రమ్మన్నారు. ఆయనది జర్మన్ పాస్‌పోర్టు, నాకు వీసా కావాలి, దానికి ముందు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోవాలి.

మెట్లమీద కనిపిస్తే చాలు, "ఏవమ్మా, టెర్మిన్ దొరికిందా?"

"దొరకలే బాబాయిగారూ, అన్నీ ఫుల్ ఉన్నయ్."

నిజానికి నేను ఆ వీసా సైటు తెరిచిందే లేదు. ఆఫీసు, పాపను కీటాలో, అదే డేకేర్‌లో, దింపడం, ఇవాళ కాకపోతే రేపు అనుకున్నాను. ఆయన ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆయన పోయాక సైటు తెరిచాను. ఐదు నిమిషాల్లో టెర్మిన్ దొరికింది.

జనవరిలో ఒక్కదాన్నే వెళ్లాను. గుర్రం కింద దిమ్మె మీద బడిపిల్లలు కూర్చుని చిప్స్ తింటున్నారు. మెట్టెక్కి ముందు కాలిని కణుపుతో కొట్టాను. ఖంగుమంది. వెనక కాలిని కొట్టాను. నిండు బిందెలా దబ్‌మని ఊరుకుంది.

విగ్రహం చూసుకునే ఆఫీసుకు వెళ్లి చెప్పాను. అక్కడి ఉద్యోగిని శ్రద్ధగా రాసుకుని, వసంతంలో తనిఖీ ఉందన్నారు. బయటికొస్తే ఆకాశం తేటగా ఉంది, రాత్రికి మైనస్ తొమ్మిదని ఫోన్ చెప్పింది.

పిల్లలింకా అక్కడే ఉన్నారు. "దిగండమ్మా, దిగండి" అన్నాను. తెలుగులో అన్నానని తర్వాత గాని తట్టలేదు. వాళ్లు నవ్వారు. ఒక పిల్ల లేచి, నన్ను వెక్కిరిస్తూ, చెవి ఆనించి వెనక కాలిని వేలితో కొట్టింది.

దబ్.