తుప్పు మీద తమ్ముడి ముఖం

సూరత్‌ను చూద్దామని మా వైపు నుంచి ఎవరూ వెళ్లరు, పనికోసం వెళ్తారు. మర మగ్గాన్ని మా సిరిసిల్లలో సాంచ అంటాం. ఆ సాంచలు నడపడానికే పోయిన మా తమ్ముడు రాజు కరోనా రెండో దఫాలో అక్కడి ఆసుపత్రిలోనే కన్నుమూశాడు. దహనమూ అక్కడే చేశారు, మాలో ఒక్కరమూ వెళ్లలేకపోయాం. మరదలు పద్మకు కడచూపు దక్కలేదు. ఎవరో ఫోన్‌లో చూపించింది జిప్పు వేసిన సంచిని మాత్రమే. ఇంట్లో దండ వేసిన ఫొటో ఉంది గానీ ఆమె దాని వైపు చూడదు. "కాయిదం మీద చెయ్యి పెడితే కాయిదమే తాకుతది వదినా. ఆయన చెయ్యి పడ్డ ఇనుము మీద ఆయన ముఖం కావాలె" అంది. సూరత్‌లోని లింబాయత్‌లో తుప్పు పట్టిన ఇనుము మీద లేజర్‌తో బొమ్మలు చెక్కుతారని చెప్పి, అలాంటి అమ్మవారి బొమ్మ ఒకటి అప్పట్లో ఫొటో తీసి పంపింది రాజే. అందుకే బయలుదేరాను. బస్సులో కండక్టర్‌గా జనాన్ని గమ్యం చేర్చడమే నా ఉద్యోగం, ఇదొక్కటి చేయలేనా అనుకున్నాను.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం రైలెక్కితే మర్నాడు పొద్దునకు సూరత్‌లో దిగుతాం. స్లీపర్‌కు ఐదు వందల చిల్లర. రిజర్వేషన్ లేనిదే ఎక్కనివ్వడం లేదు. స్టేషన్ బయటి నుంచి కడోదరాకు షేరింగ్ ఆటో, అక్కడ మారితే రాజు పనిచేసిన జోల్వా, రెండూ కలిపి అరవై రూపాయలు. నోటికి మాస్కు, పైన కొంగు పెట్టుకున్నా పక్కవాడి గుట్కా వాసన ఆగలేదు. నాకు అందరి మీదా కోపంగా ఉంది. బతికి, నవ్వుకుంటూ, పనికి పోతున్నవాళ్ల మీద మరీ కోపంగా ఉంది.

రాజు పనిచేసిన షెడ్డులో చప్పుడే లేదు. మేస్త్రీ నర్సయ్య మాకు దూరపు చుట్టం. సాంచల్ని విప్పి కుప్ప పోయిస్తున్నాడు.

"ఈ వానకాలం సంది నడుస్తలేవు చెల్లె. శేఠ్ అన్నిటిని భంగార్‌కు, పాత ఇనుము లెక్క అమ్ముతుండు" అని, రాజు సాంచకు పక్కనుండే మూతను విప్పి చేతికిచ్చాడు. "దారం తెగితే దీని మీదనే ఎడమచెయ్యి ఆనించి అతుకుతుండె. తీస్కపో."

పెద్ద పళ్లెమంత మూత, నిండా తుప్పు. గోనెసంచిలో చుట్టుకుని లింబాయత్ వచ్చాను.

దుకాణం సన్నని సందులో ఉంది. పెళ్లిళ్ల స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే చోటు. మిషన్ దగ్గర కూర్చున్న అమ్మాయి స్వప్న తల్లిదండ్రులది వరంగల్ వైపు, ఆమె పుట్టింది సూరత్‌లోనే.

"గిన్నెల మీద పేర్లయితే రోజూ కొడ్త అక్కా. తుప్పు పని మా అన్న చేస్తుండె."

"ఎప్పుడొస్తడు?"

"రాడక్కా. ఏప్రిల్‌ల కరోనాతోని పోయిండు" అని మూతను తిప్పి చూసింది. "నేను ట్రై చేస్తా. పాంచ్ సౌ రూపాయలియ్యి."

'ట్రై చేస్తా' అనగానే లేచి రావాల్సింది. అన్న పోయాడని విన్నాక ఎలా లేస్తాను? ఫోన్‌లో రాజు సెల్ఫీ తీసిచ్చాను.

స్టీలు మీద లేజర్ పడ్డచోట నల్లబడుతుంది. తుప్పు మీద పడితే తుప్పు కాలిపోయి లోపలి ఇనుము మెరుస్తుంది. స్వప్న అలవాటుగా స్టీలు మీద చేసినట్టే జుట్టు, మీసం, కళ్లు ఉండాల్సిన చోట లేజర్ కొట్టింది. ముప్పై ఆరేళ్ల తమ్ముడు తెల్లటి జుట్టుతో, తుప్పురంగు ముఖంతో, కళ్లలో తెల్లని చుక్కలతో నన్ను చూశాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

"ఉల్టా అయింది అక్కా" అంది. మూత వెనకవైపు కొడదామంటే అంతా గట్లు గట్లుగా ఉంది. "మెరిసేకాడ ఉప్పునీళ్లు అద్దితే మళ్ల తుప్పు పడ్తది. పొద్దుగాల మళ్ల కొడ్త. పైసల్ వద్దు."

ఉప్పునీళ్లు నేనే అద్దాను. సాయంత్రానికి జుట్టు, మీసం, కళ్లు ఒక్కొక్కటే గోధుమరంగుకు తిరిగి తమ్ముడు మూతలో కలిసిపోయాడు. నా చేత్తో నేనే వాణ్ని చెరిపేస్తున్నట్టు అనిపించింది. ఆ రాత్రి నర్సయ్య వాళ్లింట్లో ఉన్నాను.

మర్నాడు స్వప్న బొమ్మలో నలుపు తెలుపుల్ని తిరగేసి మిషన్ పెట్టింది. నుదురు వచ్చింది. చెంపలు వచ్చాయి. నవ్వితే ఒకపక్కకు లేచే పెదవి వచ్చింది. అచ్చం వాడే. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. తర్వాత స్వప్న గుడ్డ ఇచ్చి, "మసి జర తుడువు అక్కా" అంది. గిన్నెలకు రోజూ చేసే పనే అది. చిన్నప్పుడు వాడి ముఖం తుడిచినట్టే మెల్లగా తుడిచాను. ఒక్క రాత్రిలో పట్టిన తుప్పు గట్టిపడలేదు. జుట్టు, మీసం, కళ్లు గుడ్డలోకి వచ్చేశాయి. మూత మీద మెరిసే మచ్చ ఒకటి మిగిలింది. స్వప్న కింద కూర్చుని ఏడ్చింది. మధ్యాహ్నమే నా రైలు, మర్నాడు డ్యూటీ. మళ్లీ ఉప్పునీళ్లు అద్దే ధైర్యం కూడా నాకు లేదు.

ఈ ప్రయాణం నాకు ఓదార్పు ఇచ్చిందని రాయలేను. దూరాన పోయినవాళ్లను ఏ యంత్రమూ ఇంటికి తేలేదని అక్కడికి వెళ్లి తెలుసుకొచ్చాను, అంతే. పద్మ మూతను ఒళ్లో పెట్టుకుని ఆ మచ్చను వేలితో తడిమింది. "వచ్చిండా, వదినా?" అంది. వచ్చాడన్నాను. "ఎంతసేపున్నడు?" గుడ్డతో తుడిచేదాకా అన్నాను. "అప్పుడు ఫోన్ల సంచినన్న చూపెట్టిన్రు. నువ్వు అది గూడ చూపెట్టకపోతివి" అంది.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. బొమ్మ పూర్తవగానే, గుడ్డ తగలకముందే, ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఇంట్లో ఎదురుచూస్తున్నవాళ్లకు పంపండి.